బీబీసీ చెరిపేసింది, పిల్లలు దాచారు

(హైదరాబాద్‌లో ఒక ఫిల్మ్ క్లబ్బు సమావేశంలో, ప్రదర్శనకు ముందు చేసిన ప్రసంగం. రికార్డింగు విని రాసిన పాఠం.)

అందరికీ నమస్కారం. టీవీలో సైన్స్ ఫిక్షన్ గురించి మాట్లాడమని పిలిచారు. నేను ఒక్క సీరియల్ గురించే మాట్లాడతాను, దానికి ఒప్పుకుంటేనే వస్తానన్నాను. మా ఇంట్లోవాళ్ళు ఏళ్ళ తరబడి ఈ గోల వింటున్నారు. ఇవాళ మీ వంతు.

ఆ సీరియల్ పేరు 'డాక్టర్ హూ'. బ్రిటన్‌లో బీబీసీ తీసింది. 1963 నవంబర్ 23న, శనివారం సాయంత్రం మొదలైంది. ముందురోజే అమెరికాలో కెనెడీని కాల్చి చంపారు. ఊరంతా ఆ వార్తలోనే మునిగి ఉంటే కొత్త సీరియల్ ఎవరు చూస్తారు? అందుకని పై శనివారం రెండో భాగానికి ముందు మొదటి భాగాన్ని మళ్ళీ వేశారు. ఆ తర్వాత ఇరవై ఆరేళ్ళు నడిచింది. ఆగింది. మళ్ళీ మొదలైంది.

కథ తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. డాక్టర్ అనే ఒకాయన ఉంటాడు. మనిషిలాగే ఉంటాడు గానీ వేరే గ్రహంవాడు. నీలంరంగు పోలీసు పెట్టె ఒకటుంటుంది, పాతకాలంలో లండన్ వీధుల్లో పోలీసులకు ఫోన్ చేయడానికి పెట్టేవాళ్ళే, అలాంటిది. బయటికి టెలిఫోన్ బూత్ అంత, లోపల పెద్ద హాలు. దాంట్లో కాలంలో ముందుకీ వెనక్కీ తిరుగుతాడు. ప్రాణం మీదికొస్తే చచ్చిపోడు, రూపం మారిపోతాడు. 1966లో మొదటి డాక్టర్ వేషం వేసిన విలియం హార్ట్‌నెల్‌కి ఆరోగ్యం బాగాలేకపోతే, సీరియల్ ఆపడం ఇష్టంలేక ఈ ఉపాయం కనిపెట్టారు. ప్యాట్రిక్ ట్రౌటన్ అనే వేరే నటుడొచ్చాడు, వేరే స్వభావంతో. అవతారాలు మనకు అలవాటే కాబట్టి మీకిది వింతగా అనిపించదు. అప్పట్లో వాళ్ళకి మాత్రం పెద్ద సాహసమే.

మొదటి భాగానికి నిర్మాత వెరిటీ లాంబర్ట్, అప్పటికి ఆమెకు 27 ఏళ్ళు. బీబీసీ నాటక విభాగంలో అంత చిన్న వయసు నిర్మాత ఇంకొకరు లేరు, ఆడవాళ్ళలో అసలే లేరు. దర్శకుడు వారిస్ హుస్సేన్, 24 ఏళ్ళు, లక్నోలో పుట్టినవాడు. సూటూ బూటూ వేసుకున్న పెద్దమనుషుల మధ్య ఒక అమ్మాయి, ఒక భారతీయ కుర్రాడు, చేతికి చాలీచాలని డబ్బు. ఆ పెట్టె ఎగిరేటప్పుడు ఒక గరగర శబ్దం వస్తుంది. ఈరోజుకీ అదే శబ్దం. దాన్ని బ్రయన్ హాడ్జ్‌సన్ అనే టెక్నీషియన్ చేశాడు. పాత పియానో విప్పి, దాని లావు తీగల మీద ఇంటి తాళంచెవి పెట్టి గీకాడు. ఆ టేపుని అటూ ఇటూ తిప్పి వాడుకున్నాడు. అంతే ఖర్చు!

ఇక నా సంగతి. మా నాన్నగారు గుంటూరు మెడికల్ కాలేజీలో చదివి, డెబ్భైల మొదట్లో ఇంగ్లండ్ ఆస్పత్రుల్లో పనికి వెళ్ళారు. లాంకషైర్‌లో ఒక మిల్లు ఊరు. చలికాలం నాలుగున్నరకే చీకటి. శనివారం సాయంత్రం ఫుట్‌బాల్ స్కోర్లు చదవడం అయిపోగానే ఇది వచ్చేది. అప్పటి డాక్టర్ టామ్ బేకర్. గుండ్రటి కళ్ళు, ఉంగరాల జుట్టు, నేలమీద జీరాడే పొడుగాటి రంగురంగుల మఫ్లరు. మా నాన్నగారు రెండు వారాలు చూసి, "ఈయన ఒక్క పేషెంటునీ చూడడేంరా?" అన్నారు. అంతటితో ఆయన పేపర్లో ఆయన పడిపోయారు. చాలా ఏళ్ళ తర్వాత వీడియోలో ఒక పాత భాగం చూపించాను. అందులో ట్రౌటన్ డాక్టర్, తాను 1888లో గ్లాస్గోలో లిస్టర్ అనే పేరుమోసిన సర్జన్ దగ్గర చదివినట్టు గుర్తని చెప్తాడు. మా నాన్నగారు కళ్ళజోడు సర్దుకుని, "అప్పటికి లిస్టర్ గ్లాస్గో వదిలి ఇరవై ఏళ్ళు కావస్తోంది. సర్టిఫికెట్ దొంగది" అన్నారు. (నవ్వులు) నిజమే, లిస్టర్ 1869లోనే అక్కణ్ణించి వెళ్ళిపోయాడు.

నన్ను పట్టేసుకున్న సీను మాత్రం 1975లోది. నాకప్పుడు ఏడేళ్ళు. కథ పేరు 'జెనెసిస్ ఆఫ్ ది డాలెక్స్'. డాలెక్‌లంటే ఇనప డబ్బాల్లో ఉండే క్రూరజాతి. టెర్రీ నేషన్ రాశాడు, రేమండ్ క్యూసిక్ ఆకారం ఇచ్చాడు. తమలాగా లేని ప్రతి ప్రాణినీ చంపేయాలనుకునే జాతి. నేషన్ చిన్నతనమంతా యుద్ధంలో గడిచింది కాబట్టి వాటికి నాజీల పోలిక ఎక్కణ్ణించి వచ్చిందో వేరే చెప్పక్కర్లేదు. ఈ కథలో డాక్టర్‌ని డాలెక్‌లు పుట్టిన రోజులకే పంపిస్తారు, అసలు పుట్టకుండా చేసి రమ్మని. గదినిండా పిండాలు ఉంటాయి. లోపల పేలుడు పదార్థం పెట్టి బయటికొచ్చాడు. రెండు వైర్లు చేతిలో ఉన్నాయి. కలిపితే చాలు, జాతి మొత్తం పోతుంది, ముందుముందు కోట్లమంది బతుకుతారు. ఆయన కలపడు. రెండు వైర్ల మధ్య ఓ అంగుళం ఎడం పెట్టుకుని నిలబడిపోతాడు. పక్కనున్న సారా అనే అమ్మాయి తొందరపెడుతూనే ఉంటుంది. ఈ బిడ్డ పెద్దయ్యాక లక్షలమందిని చంపే నియంత అవుతాడని ఎవరైనా వేలుపెట్టి చూపిస్తే, ఆ బిడ్డని చంపగలవా అని అడుగుతాడు.

మా అమ్మ వంటింట్లోంచి చూస్తోంది. ఇంగ్లీషు అంతంత మాత్రం. ఏమిటంటున్నాడని అడిగితే నాకొచ్చిన తెలుగులో చెప్పాను. "కంసుడు చేసిన పని అదేగా. పుట్టబోయేవాడు చంపుతాడని తెలిసి పసిపిల్లల్ని చంపాడు. ఈయన కంసుడు కాదలచుకోలేదు" అంది. అంతవరకూ కంసుడి వైపు నుంచి ఆ కథని నేను ఆలోచించలేదు. ఏడేళ్ళవాడు ఎందుకు ఆలోచిస్తాడు? పిల్లల టైములో, టీ తాగే వేళకి, ఇలాంటి ప్రశ్న వేసి జవాబు చెప్పకుండా వదిలేసిన కార్యక్రమం ఇంకొకటి నేను చూళ్ళేదు. అట్టముక్కలతో, బుడగల ప్లాస్టిక్కుకి ఆకుపచ్చ రంగేసి రాక్షసుల్ని చేశారని ఆ సీరియల్‌ని అందరూ ఎగతాళి చేస్తారు. చేయనివ్వండి. సెట్టు ఊగేది, నిజమే. ప్రశ్న ఊగేది కాదు.

మఫ్లరు సంగతి చెప్పి ముందుకెళ్తాను. దుస్తుల డిజైనరు జేమ్స్ ఏకిసన్ రకరకాల రంగుల ఊలు కొని, బెగోనియా పోప్ అనే ఆవిడకి అల్లమని ఇచ్చాడు. ఎంత పొడుగో చెప్పలేదు, ఆవిడ అడగలేదు. ఇచ్చిన ఊలంతా అయిపోయేదాకా అల్లి ఇచ్చింది. అది చూసి అందరూ నవ్వారు, టామ్ బేకర్ అదే కావాలన్నాడు. ఆ తర్వాత బ్రిటన్‌లో అల్లిక సూదులు తిప్పగల ప్రతి తల్లికీ పిల్లల పోరు మొదలైంది. మా అమ్మ పక్కింటి ఆవిడ దగ్గర అల్లిక నేర్చుకుంది. స్వెట్టర్లలో మిగిలిన ఊలుతో నాకూ ఒకటి అల్లింది. రంగులు టీవీలోవి కావు. మా టీవీ బ్లాక్ అండ్ వైట్ కాబట్టి నాకా సంగతి తెలియలేదు!

అప్పట్లో ఒకసారి చూస్తే అంతే. వీడియో లేదు. పాతవి మళ్ళీ వేయడం చాలా అరుదు. హార్ట్‌నెల్‌నీ, ట్రౌటన్‌నీ మా వయసువాళ్ళం చూడలేదు, పుస్తకాల్లో చదివాం. పాత కథల్ని చిన్న చిన్న నవలలుగా వేసేవాళ్ళు. వాటిలో అరవైకి పైగా టెరెన్స్ డిక్స్ ఒక్కడే రాశాడు. లైబ్రరీలో ఆ అర ఎప్పుడూ ఖాళీగానే ఉండేది, పుస్తకాలన్నీ పిల్లల ఇళ్ళలోనే. వలస కుటుంబాల పిల్లలు చాలామంది ఇంగ్లీషు చదవడం ఆ నవలలతోనే గడగడా నేర్చుకున్నారు. నేనూ అంతే. 1981లో బీబీసీ కొన్ని పాతవి మళ్ళీ వేసినప్పుడు మొట్టమొదటి కథ చూశాను. మిగతావి ఎప్పుడు వేస్తారా అని ఎదురుచూశాం. తర్వాత మెల్లగా తెలిసింది, వేయడానికి వాళ్ళ దగ్గర లేవని.

అసలు విషయం ఇది. మొదటి ఆరేళ్ళలో, అంటే 1963 నుంచి 1969 వరకూ, 253 భాగాలు ప్రసారమయ్యాయి. అందులో దాదాపు వంద ఇప్పుడు లేవు. తగలబడలేదు, దొంగలెత్తుకుపోలేదు. బీబీసీయే చెరిపేసింది.

ఎందుకంటే, వాళ్ళ లెక్క వాళ్ళకుంది. రెండంగుళాల వెడల్పు వీడియో టేపు అప్పట్లో బాగా ఖరీదు. చెరిపి మళ్ళీ వాడుకోవచ్చు. నటుల సంఘంతో ఉన్న ఒప్పందం ప్రకారం పునఃప్రసారాలు ఇన్నిసార్లే అని హద్దు ఉంది. రంగుల టీవీ వచ్చాక బ్లాక్ అండ్ వైట్ ఎవరు కొంటారు? ఇంట్లో వీడియో ప్లేయరు పెట్టుకుని జనం పాత సీరియళ్ళు కొనుక్కుంటారని ఎవరూ కలగనలేదు. టేపుల నుంచి 16 ఎం.ఎం. ఫిల్ములు తీసి విదేశాలకి అమ్మేవాళ్ళు. హక్కుల గడువు తీరగానే ఆ ఫిల్ముల్నీ పారేశారు. టేపులున్న విభాగం ఫిల్ములున్నాయిలే అనుకుంది, ఫిల్ములున్న విభాగం టేపులున్నాయిలే అనుకుంది. ప్రభుత్వ ఆఫీసులో పనిచేసినవాళ్ళు ఇక్కడ ఎవరైనా ఉంటే వాళ్ళకి ఇంతకుమించి చెప్పక్కర్లేదు. 1978లో ఇయన్ లెవిన్ అనే అభిమాని బీబీసీ అమ్మకాల విభాగానికి వెళ్ళేసరికి, డాలెక్‌ల మొదటి కథ ఫిల్ములు పారేయడానికి సిద్ధంగా కట్టలు కట్టి ఉన్నాయి. కాళ్ళావేళ్ళా పడి ఆపించాడు. ఆ ఏడే బీబీసీ ఒక పద్ధతి ప్రకారం దాచడం మొదలుపెట్టింది.

వారిస్ హుస్సేన్ తీసిన 'మార్కో పోలో' అనే కథ ఉంది. ఏడు భాగాలు, ఒకటి తప్ప అన్నీ ఆయన తీసినవే. చాలా దేశాలకి అమ్ముడుపోయింది. ఒక్క భాగం కూడా మిగల్లేదు. వాళ్ళనేం లెండి, మన మొదటి పూర్తి తెలుగు టాకీ, 1932 నాటి 'భక్త ప్రహ్లాద' ప్రింటు మనకు మాత్రం మిగిలిందా?

అయితే బొమ్మ పోయింది గానీ మాట పోలేదు. పోయిన ప్రతి భాగానికీ, దేన్నీ మినహాయించకుండా, పూర్తి ఆడియో ఉంది. అది బీబీసీది కాదు. అరవైల్లో టేప్ రికార్డరు కొత్తగా ఇళ్ళలోకి వచ్చింది. కొంతమంది కుర్రాళ్ళు శనివారం సాయంత్రం టీవీ స్పీకరు ముందు మైకు పెట్టి రికార్డు చేసుకున్నారు. ఇంట్లో ఎవరూ దగ్గకూడదు, ఎవరూ పిలవకూడదు. ఒక కుర్రాడైతే ఈ బాధ పడలేక టీవీ వెనక మూత తీసి, లోపల స్పీకరు తీగలకే తన రికార్డరుని కలిపాడు. ఆ రోజుల టీవీ లోపల చెయ్యిపెడితే ప్రాణానికే ముప్పు, మీరెవరూ ప్రయత్నించకండి. కానీ ఆ రికార్డింగులు ఎంత శుభ్రంగా ఉన్నాయంటే, తర్వాత బీబీసీయే వాటిని సీడీలుగా అమ్మింది. ఒకరి దగ్గర ఉన్నవి, ఇంకొకరి దగ్గర లేనివి, అన్నీ పోగేసి చూస్తే ఏ ఒక్కటీ తప్పిపోలేదు. ఎవరూ వాళ్ళకి చెప్పలేదు, వాళ్ళలో వాళ్ళకి పరిచయం లేదు. ఇంకోసారి వినాలనిపించింది, అంతే.

జాన్ క్యూరా అని ఒక ఫొటోగ్రాఫరు ఉండేవాడు. ఆయన వ్యాపారమే టీవీ తెరని ఫొటోలు తీయడం. ఒక్కో భాగానికి డెబ్భై దాకా తీసి, నటులకీ దర్శకులకీ అమ్మేవాడు, వాళ్ళ పనికి అదే ఆధారం కాబట్టి కొనుక్కునేవాళ్ళు. పోయిన భాగాల్లో చాలావాటికి ఆ ఫొటోలు ఉన్నాయి. ఫొటోలు వరసగా పెట్టి, కింద ఆ కుర్రాళ్ళ ఆడియో కలిపి అభిమానులు ఇంట్లోనే కూర్చి, ఒకరికొకరు పోస్టులో పంపుకునేవాళ్ళు. నేను కొన్ని కథల్ని అలాగే చూశాను, అంటే విన్నాను.

అన్నిటికన్నా నాకు నచ్చేది ఆస్ట్రేలియా సంగతి. అక్కడి సెన్సారువాళ్ళు పిల్లలు జడుసుకుంటారని కొన్ని ముక్కలు కత్తిరించేవాళ్ళు. గొంతు నులమడం, కత్తి దిగడం, రాక్షసుడు మీద పడటం, అలాంటివి. కత్తిరించిన ముక్కల్ని నిబంధన ప్రకారం ఫైల్లో భద్రపరిచారు. 1996లో అవి అక్కడి జాతీయ ఆర్కైవ్స్‌లో దొరికాయి. అంటే చూపించదగ్గ భాగమంతా పోయి, చూపించకూడనివి మాత్రం మిగిలాయి! పిల్లల్ని కాపాడదామని కత్తెర వేసినవాడే సీరియల్‌ని కాపాడినవాడయ్యాడు.

ఇక వెతుకులాట. 1983లో రెండు భాగాలు లండన్‌లో ఒక చర్చి బేస్‌మెంటులో దొరికాయి. 'టూంబ్ ఆఫ్ ది సైబర్‌మెన్' నాలుగు భాగాలూ హాంకాంగ్ టీవీవాళ్ళ దగ్గర బయటపడ్డాయి, 1992లో బీబీసీకి చేరాయి. అందరికన్నా గట్టివాడు ఫిలిప్ మోరిస్. ఫిల్ములు ఏయే దేశాలకి వెళ్ళాయో కాగితాలు పట్టుకుని ఆఫ్రికా టీవీ స్టేషన్లన్నీ తిరిగాడు. నైజీరియాలో జోస్ అనే ఊళ్ళో, స్టేషన్ స్టోర్‌రూములో దుమ్ముపట్టిన డబ్బాలు దొరికాయి. 2013 అక్టోబరులో ఆ వార్త బయటికొచ్చింది. తొమ్మిది భాగాలు! ఒక కథ పూర్తయింది, ఇంకో కథలో ఒక్క భాగం తప్ప అంతా వచ్చింది. ఆ రాత్రి నేను నిద్రపోలేదు. మర్నాడు ఆఫీసులో అడిగితే జ్వరమని చెప్పాను, మా ఆవిడ ఇక్కడే ఉంది, ఆవిడే సాక్షి.

రంగు గురించి ఒక్క మాట. డెబ్భైల మొదట్లో రంగుల్లో తీసిన కొన్ని భాగాలకి బ్లాక్ అండ్ వైట్ ఫిల్ములే మిగిలాయి. అయితే రంగుల టీవీ తెరని ఫిల్ముగా తీసినప్పుడు రంగు సంకేతం సన్నటి చుక్కల రూపంలో బొమ్మ మీద పడింది. అందరూ దాన్ని మచ్చ అనుకున్నారు. ఆ చుక్కల్ని లెక్కగట్టి చదివితే అసలు రంగు తిరిగి వస్తుందని బీబీసీ ఇంజనీరు ఒకాయనకి తట్టింది, ఇంకొకాయన దానికి సాఫ్ట్‌వేర్ రాశాడు. 2008లో ఒక భాగానికి అలా రంగు వచ్చింది. ఇలాంటి పనులు చాలావరకు జీతం కోసం చేసినవి కావు.

అభిమానులంటే అందరూ ఇలాంటివాళ్ళేనని చెప్పను. 1985లో బీబీసీ సీరియల్‌ని కొన్నాళ్ళు ఆపుతామంటే, నిరసనగా ఒక పాట రికార్డు చేసి విడుదల చేశారు. ఆ పాట వింటే ఆపడమే న్యాయమనిపిస్తుంది. అభిమానుల మాట వినీ వినీ ఆ రోజుల్లో కథలు పాత కథల లెక్కలు సరిచూడటంతోనే నిండిపోయాయి, కొత్తగా చూసే పిల్లకి ఏమీ అర్థమయ్యేది కాదు. 2017లో జోడీ విటకర్‌ని డాక్టర్‌గా తీసుకున్నప్పుడు, ఆడమనిషి ఏమిటని గోలచేసినవాళ్ళూ మావాళ్ళే. రూపం మారుతుందని యాభై ఏళ్ళుగా చూస్తున్నవాళ్ళకి అంత ఆశ్చర్యం ఎందుకో! ఫిల్ములు దొరికినా ఇవ్వకుండా తమ ఇంట్లోనే దాచుకున్న కలెక్టర్లూ ఉన్నారు. ప్రేమకీ పిసినారితనానికీ తేడా తెలియనివాళ్ళు అన్ని చోట్లా ఉంటారు.

1989 డిసెంబరులో ఆపేశారు. ఆగినట్టు ఒక ప్రకటన కూడా సరిగ్గా ఇవ్వలేదు. తర్వాత పదహారేళ్ళలో టీవీలో కొత్తగా వచ్చింది 1996 నాటి ఒక్క టీవీ సినిమా. ఆ మధ్యకాలంలో దాన్ని బతికించింది చూసి పెరిగిన పిల్లలే. నవలలు రాశారు, ఆడియో నాటకాలు చేశారు. 1996లో అలాంటి నవల ఒకటి రాసిన రస్సెల్ టి. డేవీస్, 2005లో సీరియల్‌ని మళ్ళీ టీవీలోకి తెచ్చాడు. అలా మళ్ళీ మొదలయ్యాక రెండో డాక్టర్‌గా వచ్చిన డేవిడ్ టెనెంట్, చిన్నప్పుడు ఇది చూసే నటుణ్ణవ్వాలనుకున్నానని చెప్పుకున్నాడు. పీటర్ కపాల్డీ పదిహేనేళ్ళ వయసులో, 1974లో, 'రేడియో టైమ్స్' పత్రికకి ఈ సీరియల్ గురించి ఉత్తరం రాస్తే అచ్చయింది. 2013లో ఆయనే డాక్టర్. ఇంకొకటి. 1986లో ఒక టీవీ చర్చలో పదహారేళ్ళ కుర్రాడు లేచి, రచయితల ముందే, మీ కథలు బాగాలేవని నిలదీశాడు. వాళ్ళకి ఒళ్ళు మండింది. ఆ కుర్రాడి పేరు క్రిస్ చిబ్నల్. 2018 నుంచి 2022 దాకా ఆ సీరియల్ మొత్తం ఆయన చేతిలోనే నడిచింది. ఆయన కథలు బాగాలేవని చెప్పడానికి మళ్ళీ వేరే కుర్రాళ్ళు లేచారనుకోండి, అది వేరే సంగతి. (నవ్వులు) ఆయన హయాంలోనే వినయ్ పటేల్ రాసిన దేశవిభజన కథ ఒకటి వచ్చింది. 1947 పంజాబు, ఒక పెళ్ళి, రాత్రికి రాత్రి గీసిన సరిహద్దు. వారిస్ హుస్సేన్ ఒక్కడే భారతీయుడిగా మొదలైన సీరియల్‌కి ఆ కథ రావడానికి 55 ఏళ్ళు పట్టింది.

టైము అయిపోయిందని చీటీ వచ్చింది. ఇప్పుడు చూడబోయేది 'ది పవర్ ఆఫ్ ది డాలెక్స్'. ట్రౌటన్ మొదటి కథ, 1966 నవంబర్ 5న మొదలైంది. ఆరు భాగాలూ పోయాయి, చిన్న చిన్న ముక్కలు తప్ప. తెర మీద కనిపించే బొమ్మలు గీసినవి, సరిగ్గా యాభై ఏళ్ళకి 2016లో విడుదల చేశారు. మాటలు మాత్రం ఇళ్ళల్లో రికార్డయిన ఆ టేపులవే. అక్కడక్కడా కాస్త బొంగురుగా ఉంటాయి కాబట్టి ఫ్యాన్లు కట్టేద్దాం, వెనక కూర్చున్నవాళ్ళు ముందుకి రండి. డాక్టర్ మొహం కొత్తగా మారింది, వెంట ఉన్న బెన్ అనే కుర్రాడు ఈయన ఆయనే అని ఛస్తే నమ్మడు. చివరికి ఆయన్ని మొదట గుర్తుపట్టేది ఎవరో చెప్పను. అది రెండో భాగంలో ఉంది. ఓపికుంటే అదీ వేద్దాం, నా దగ్గర ఉంది.